ఇంటిదాన్ని అడిగి రాసిన అర్జీ

పోయిన శుక్రవారం పొద్దున నేను పచ్చడికి పల్లీలు వేయిస్తుండగా ఫోను మోగింది. నరసరావుపేట నుంచి హవల్దారు బాబాయి తమ్ముడి కొడుకు. "అక్కా, పెదనాన్న పోయాడు. తెల్లారి నమాజుకని లేచి కూచున్నాడు, అట్టే పక్కకి ఒరిగాడు" అన్నాడు. నేను స్టవ్వు ఆపడం మరిచిపోయాను. పల్లీలు మాడి ఇల్లంతా పొగ కమ్మింది. మా ఆయన లోపల్నుంచి "ఏందే, ఏం తగలబెట్టావ్?" అని కేకేస్తూ వచ్చి, నా మొహం చూసి తనే స్టవ్వు ఆపాడు. తొంభైకి దగ్గర పడ్డ మనిషి పోతే వింతేముందని మీరనుకోవచ్చు. వింతేం లేదు. అయినా నేను మాడిన పల్లీల ముందు కూచుని చిన్నపిల్లలా ఏడ్చాను.

ఆయన మాకు చుట్టం కాదు. వాళ్ళు సాయిబులు, మేము వెల్దుర్తి పక్క పల్లెలో మెట్ట సేద్యం చేసుకునేవాళ్ళం. ఊరందరికీ ఆయన హవల్దారు సాబు, నాకు మాత్రం బాబాయి. మిలిటరీలో క్లర్కుగా ఇరవై ఏళ్ళకు పైగా చేసి, ఎనభైల మొదట్లో ఇంటికొచ్చాడు. తమ్ముడికి నరసరావుపేటలో కరెంటు మోటార్లు రివైండింగ్ చేసే షాపుండేది. బోర్ల దగ్గర కాలిపోయిన మోటార్లు తెచ్చి పడేసే రైతులు, రాగి తీగ చుట్టలు, వార్నిష్ వాసన, సుత్తి దెబ్బలు, "రేపిస్తా, ఎల్లుండిస్తా" అనే తమ్ముడి వాయిదాలు. ఆ గోలలోనే ఒక మూల చిన్న బల్ల, బల్ల మీద పాత టైపు మిషను, దాని వెనక మెడదాకా గుండీలు పెట్టుకుని బాబాయి. పల్నాటి పల్లెల నుంచి పట్టాళానికి పోయి, కాలో చెయ్యో చెవో పాడై తిరిగొచ్చినవాళ్ళు మాచవరం నుంచి, గురజాల నుంచి, ఎక్కడెక్కడి నుంచో చివరికి ఆ బల్ల ముందుకే చేరేవాళ్ళు.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. మిలిటరీలో దెబ్బతిని ఇంటికి పంపేసిన మనిషికి ఆ దెబ్బ తాలూకు పెన్షన్ రావాలంటే రెండు సంగతులు తేలాలి. ఒకటి, ఆ దెబ్బ ఉద్యోగం వల్లే తగిలిందా? రెండు, దానివల్ల మనిషి నూటికి ఎన్ని పాళ్ళు దెబ్బతిన్నాడు? రెండోది డాక్టర్ల బోర్డు చూసి చెబుతుంది. ఇరవై పాళ్ళకు తగ్గితే పెన్షన్ ఉండదు. ఇచ్చిన పెన్షన్‌ని కూడా కొన్నేళ్ళకి మళ్ళీ బోర్డుకి పిలిచి, చూసి, ఉంచడమో తీసేయడమో చేస్తారు. తీసేస్తే అప్పీలు పెట్టుకోవచ్చు, దానికి ఆరు నెలలు గడువు. ఇవన్నీ నాకు బాబాయి చెప్పినవే. ఆయన చెబితే ఎద్దుక్కూడా అర్థమయ్యేది.

ఆయనకో నియమం ఉండేది. ఇంగ్లీషులో టైపు కొట్టిన అర్జీని మొత్తం తెలుగులో పైకి చదివి వినిపించేవాడు. విననిదే సంతకం పెట్టనిచ్చేవాడు కాదు. "కాయితం గుడ్డిదమ్మా. మనం చెయ్యి పట్టుకుని నడిపించకపోతే ఏ గోతిలోనో పడుద్ది" అనేవాడు. పని చేసినందుకు ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాడు కాదు. కానీ జవాబొచ్చాక ఆ కాయితం తెచ్చి చూపించాలి. గెలిచినా సరే, ఓడినా సరే. చూపించకుండా ఎగ్గొట్టినవాడు మళ్ళీ బజార్లో కనిపిస్తే నిలదీసి తిట్టేవాడు.

మెత్తని మనిషేం కాదు. ఒకసారి నా ఎదురుగానే ఒకడొచ్చాడు. సెలవులో ఇంటికొచ్చి, బావమరిది పెళ్ళిలో తాగి డాబా మెట్ల మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. దాన్ని డ్యూటీలో పడ్డట్టు రాయమంటాడు.

"ఎక్కడ పడ్డావని రాయమంటావు?" అన్నాడు బాబాయి.

"కాశ్మీరులో అని రాయండి సాబ్."

"మీ బావమరిది పెళ్ళి కాశ్మీరులో చేశారా?"

షాపంతా గొల్లుమంది. వాడు మొహం గంటు పెట్టుకుని లేస్తుంటే బాబాయి చెయ్యి పట్టి కూచోబెట్టాడు. "ఒరేయ్, నీ ఒక్కడి అబద్ధం దొరికితే రేపు పదిమంది నిజాన్ని కూడా నమ్మరు. టీ తాగి పో" అన్నాడు. వాడు టీ తాగే పోయాడు.

ఇక మా సంగతి. మా ఆయన పట్టాళంలో డ్రైవరు. కొండదారిలో రేషను లారీ తిరగబడి కుడి మోకాలు, తుంటి నుజ్జయ్యాయి. నెలల తరబడి ఆస్పత్రిలో ఉంచి, నూటికి ముప్ఫై పాళ్ళు దెబ్బతిన్నాడని రాసి, పెన్షన్ ఇచ్చి ఇంటికి పంపారు. రెండేళ్ళు పోయాక మళ్ళీ బోర్డుకి రమ్మని పిలుపొచ్చింది.

మా పల్నాటి మగాళ్ళ గురించి నేను చెప్పాలా? కత్తిపోటు తిన్నవాణ్ణి పలకరించినా "ఏం లేదు, కాస్త గీసుకుంది" అంటాడు. మా ఆయన వాళ్ళందరికీ పెద్దన్న. ఊళ్ళోకి ఎవరూ లేని వేళ చూసి నడిచేవాడు. రచ్చబండ దగ్గరికి అందరికంటే ముందే చేరి గోడకానుకుని నిలబడేవాడు, అందరూ పోయాక గానీ కదిలేవాడు కాదు. మనిషి ఆరడుగుల నిలువు. మిలిటరీ నిలువని ఊరంతా మురిసిపోయేది. ఆయన కుంటుతాడని ఆ ఊళ్ళో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

అలాంటి మనిషి బోర్డుకి ఎలా వెళ్ళాడనుకున్నారు? మోకాలికి బిగించి కట్టు కట్టుకుని, ఆరెంపీ దగ్గర నొప్పి మాత్రలు తెచ్చుకుని మింగి, పొద్దున్నే తుంటికి ఆముదం మర్దనా చేయించుకుని వెళ్ళాడు. మర్దనా చేసింది నేనే. పది దాకా చదివినదాన్ని, ఇదేం పనయ్యా అని ఒక్క మాట అనలేదు. నలుగురు ఆఫీసర్ల ముందుకి వెళుతున్నాడు, నిటారుగా నిలబడితే బాగుంటుందనే అనుకున్నాను. ఆ బుద్ధితక్కువతనంలో నాకూ సగం వాటా ఉంది.

తిరిగొచ్చి ఒకటే సంబరం. "డాక్టరు సాబు ఎట్టున్నావు జవాన్ అన్నాడే. ఫస్టుక్లాసు సాబ్ అన్నా. గుంజీ తియ్యమన్నాడు. తీశా! శాబాష్ అన్నాడు!" అని మంచమెక్కాడు. నాలుగు రోజులు దిగలేదు. మోకాలు గుమ్మడికాయంత వాచింది. నేను ఉప్పు కాపడం పెడుతూనే ఉన్నాను. కొన్నాళ్ళకి కాయితం వచ్చింది. నాకొచ్చిన ఇంగ్లీషుతో కూడబలుక్కుని చదివాను. ఇరవైకి తగ్గిందట, పెన్షన్ ఆపేశారట. డాక్టర్లది తప్పని నేననను. ఎదురుగా మనిషి గుంజీలు తీస్తుంటే వాళ్ళు మాత్రం ఏం రాస్తారు?

పెన్షన్ పోయిందన్న కబురు నాలుగైదు నెలలకి మా ఊరి పెద్దమనిషి చెవిన పడింది. పార్టీ రాజకీయాల్లో తిరిగేవాడు, వెంట ఎప్పుడూ పదిమంది. జీపేసుకుని మా గుమ్మం ముందుకొచ్చాడు. "మిలిటరీవోడివి, ఇంట్లో కూచోడమేందిరా? నా జీపులో ముందు సీట్లో కూచో, చాలు. నీ ఇల్లు నేను చూసుకుంటా" అన్నాడు. మా ఆయన మొహం వెలిగిపోయింది. ఆ జీపు ముందు సీటంటే ఏమిటో మా ఊళ్ళో ఆడవాళ్ళందరికీ తెలుసు. అవతలి పార్టీవాళ్ళు చంపడానికి కాపు కాస్తే జీపులోవాళ్ళంతా దూకి పరిగెత్తుతారు. మా ఆయన పరిగెత్తలేడు. అప్పటికి మా పిల్లకి మూడేళ్ళు.

"పెన్షన్ సంగతి ఒక్కసారి కనుక్కుందాం, ఆ తర్వాత నీ ఇష్టం" అని కాళ్ళావేళ్ళా పడి, మా అన్న చెప్పిన గుర్తులు పట్టుకుని ఆయన్ని పేటకి లాక్కెళ్ళాను. అదే బాబాయిని మొదటిసారి చూడటం.

కాయితాలన్నీ చూశాడు. "ఏంది నీ ఇబ్బంది?" అని మా ఆయన్ని అడిగాడు.

"ఏం లేదు సాబ్, నడిస్తే కాస్త నొప్పి, అంతే."

బాబాయి పెన్సిలు కింద పెట్టాడు. "పోయి మూడు టీలు చెప్పిరా. పక్కదాంట్లో వద్దు, బాగుండదు. ఆ చివర హోటల్లో చెప్పు" అన్నాడు. మా ఆయన వెళ్ళగానే నా వైపు తిరిగాడు. "ఇప్పుడు నువ్వు చెప్పమ్మా. పొద్దున లేచిన కాడి నుంచి ఏం చేస్తాడో వరసగా చెప్పు. సిపాయిని అడిగితే బాగున్నాననే చెప్తాడు. వాడి నొప్పి ఇంట్లో ఆడమనిషికే తెలుసుద్ది."

అందరితోనూ ఇంతేనని నాకు తర్వాత తెలిసింది. మగవాణ్ణి దూరం హోటలుకి పంపడం, భార్యనో తల్లినో అడగడం. పెళ్ళికానివాడొస్తే "మీ అమ్మను తోలుకురా పో" అని వెనక్కి పంపేవాడు.

నేను చెప్పాను. కింద కూచోలేక, పనుందని వంక పెట్టి నిలబడే అన్నం తింటాడని చెప్పాను. పిల్ల ఎత్తుకోమని చేతులు చాపితే కసిరి పంపేస్తాడని, ఆ తర్వాత గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంటాడని చెప్పాను. ఇంకొకటి చెప్పడానికి నోరు రాలేదు. బాబాయి తల ఎత్తకుండా "నేను నీ తండ్రిలాంటోణ్ణి, చెప్పు" అన్నాడు. అప్పుడు చెప్పాను. చెంబు పట్టుకుని చేలోకి వెళితే గొంతుక్కూచోలేడని, తుమ్మచెట్టు మొదలు కరుచుకుని తంటాలు పడతాడని, కొన్నాళ్ళు నేనే వెంట వెళ్ళి భుజం ఆసరా ఇచ్చానని. సిగ్గుతో చచ్చిపోయాను. బాబాయి పెన్సిలు ఆగలేదు, తల లేవలేదు. ఆ తల ఎత్తకపోవడానికి నేను ఈనాటికీ ఆయనకి దణ్ణం పెట్టుకుంటాను.

వారం తర్వాత మళ్ళీ రమ్మన్నాడు. అర్జీ సిద్ధంగా ఉంది. నియమం ప్రకారం పైకి చదవడం మొదలుపెట్టాడు. లారీ పడ్డ సంగతి, ఆస్పత్రి సంగతి అయ్యేదాకా మా ఆయన తల ఊపుతూనే ఉన్నాడు. నిలబడి అన్నం తినే దగ్గరికి వచ్చేసరికి తల ఆగింది. తుమ్మచెట్టు దగ్గరికి వచ్చేసరికి బాబాయి గొంతు తగ్గించాడు గానీ, అప్పటికే తమ్ముడి సుత్తి చప్పుడు కూడా ఆగిపోయింది.

మా ఆయన లేచాడు. "ఏమే, నా సంసారం తెచ్చి బజార్లో పెట్టావంటే? దీని మీద సంతకం పెట్టడం కంటే ఆ లారీ కిందే చావడం నయం" అన్నాడు. విసురుగా వెళ్ళిపోదామనుకున్నాడు. ఆ కాలుతో విసురేం కుదురుతుంది? గడప దాటడానికే తలుపు పట్టుకోవాల్సొచ్చింది. బస్సులో నా పక్కన కూచోలేదు. ఇంటికొచ్చాక నాతో మాట్లాడలేదు. వచ్చే సోమవారం నుంచి జీపెక్కుతానని పెద్దమనిషికి కబురు పంపాడు. అప్పీలు గడువు ఇంకా మూడు వారాలుంది.

ఆ ఆదివారం మిట్టమధ్యాహ్నం బస్సుకి బాబాయి మా ఊరొచ్చాడు. ఎర్రటి ఎండ. చొక్కా తడిసి ఒంటికతుక్కుపోయింది, అయినా మెడ గుండీ తీయలేదు. చంకలో అర్జీ ఉన్న అట్ట. నేను మజ్జిగిచ్చాను. మా ఆయన మంచం మీంచి లేవకుండా అటు తిరిగి కూచున్నాడు. బాబాయి బతిమాలలేదు. మజ్జిగ తాగి మూతి తుడుచుకుని, మిలిటరీ గొంతుతో అడిగాడు.

"నీకిచ్చిన బండి డ్యూటీలో పాడైతే ఏం చేసేవాడివి?"

మా ఆయన తిరక్కుండానే అన్నాడు. "రిపోర్టు రాయిస్తా."

"బ్రేకులు పోయినా, ఫస్టుక్లాసుగా ఉందని చెప్పి లైన్లో పెడితే?"

"అదెట్ట కుదురుద్ది సాబ్? తోసి జైల్లో ఏస్తారు."

"మరి నువ్వు చేసిందేంది? ఆ కాలు సర్కారు డ్యూటీలో పాడైంది. బోర్డు ముందు ఫస్టుక్లాసని చెప్పి వచ్చావు. ఇప్పుడు అదే కాలేసుకుని జీపు ముందు సీట్లో కూచుంటానంటున్నావు. బ్రేకుల్లేని బండినెక్కి పోయేది నువ్వొక్కడివే అయితే పో. నీ వెనక ఈ పిల్ల కూడా ఉంది కదరా."

పిల్ల వచ్చి బాబాయి అట్ట లాగుతుంటే నేను ఎత్తుకున్నాను. మా ఆయన మెల్లగా ఇటు తిరిగాడు. "బోర్డు ముందు ఎట్ట నడవాలి సాబ్?" అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"ఇంట్లో నీ పెళ్ళాం ముందు ఎట్ట నడుస్తావో అట్ట నడువు. ఎక్కువ కుంటితే అబద్ధం. తక్కువ కుంటినా అబద్ధమే. కట్టు కట్టొద్దు, మాత్ర మింగొద్దు."

ఈసారి మొత్తం చదివించుకుని విని, సంతకం పెట్టాడు. నేను చాటున నిలబడి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

సోమవారం పొద్దున జీపొచ్చింది. మా ఇంటి దాకా రాకుండా వీధి మొగలో ఆగి హారను కొట్టింది. మా ఆయన బయటికి నడిచాడు. గోడ పట్టుకోలేదు, నడుము బిగించలేదు. ఆ వీధి పొడుగునా, అరుగుల మీద జనమంతా చూస్తుండగా, నా ఎదుట ఎలా నడుస్తాడో అలాగే నడిచాడు. కుడికాలు ఈడుస్తూ, ప్రతి అడుగుకీ భుజం వాలుతూ. జీపు దగ్గరికి పోయి, "నేను రాలేనయ్యా. నా కాలు పోయింది" అన్నాడు. పెద్దమనిషి ఆ కాలు వంక చూసి, "ముందే చెప్పి చావొచ్చు కదరా" అని జీపు పోనిచ్చాడు. మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. ఆ ఎండాకాలంలోనే పక్క ఊళ్ళో గొడవ జరిగి, ఆ జీపులో ముందు కూచున్న కుర్రాడి శవం ఇంటికొచ్చింది. వాడికి రెండు కాళ్ళూ బాగానే ఉన్నాయి పాపం. అయినా తప్పించుకోలేకపోయాడు.

అప్పీలు బోర్డుకి నేనూ వెంట వెళ్ళాను. వరండాలో కూచోబెట్టారు. తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల ఎవరో గుంజీ తియ్యమన్నారు. "తియ్యలేను సాబ్" అని మా ఆయన హిందీలో అనడం నాకు వినిపించింది. మా పెళ్ళయి అప్పటికి ఆరేళ్ళు. ఆ మనిషి నోటి నుంచి 'లేను' అనే మాట రావడం నేను విన్నది అది రెండోసారి. కొన్ని నెలలకి మళ్ళీ ముప్ఫై అని కాయితం వచ్చింది. తీసుకుని పరుగున పేటకి వెళ్ళాం. బాబాయి రెండుసార్లు చదివి, మడత పెట్టి మా ఆయన జేబులో పెట్టి, "ఇవాళ టీ నేను తెస్తా, మీరు కూచోండి" అన్నాడు.

ఆ తర్వాత ఎన్నేళ్ళు వెళ్ళామో లెక్కలేదు. సిగ్గుపడి నోరు తెరవని ఆడవాళ్ళొస్తే నాకు కబురు పెట్టేవాడు. నన్ను చూపించి వాళ్ళతో, "ఈ అమ్మాయితో కూచుని మాట్లాడు, ఎట్ట చెప్పాలో తెలుసుద్ది" అని మమ్మల్ని షాపు వెనక గదిలోకి పంపేవాడు. అన్నీ గెలిచాడని చెబితే ఆయనే లేచొచ్చి తిడతాడు. మాచవరం వైపు మనిషి ఒకాయన, ఫిరంగుల దగ్గర చేసి రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. మూడుసార్లు అర్జీ పెట్టినా తిరిగొచ్చింది. ఆ మూడో కాయితం చదివిన రోజు బాబాయి మిషను ముందు చాలాసేపు ఊరికే కూచున్నాడు. తర్వాత నాలుగోదానికి కాయితం ఎక్కించాడు. ఆ నాలుగోది కూడా గెలవలేదు.

పోయిన శుక్రవారం మధ్యాహ్నానికి మేము పేట చేరేసరికి సందంతా జనం. టోపీలు, తలపాగాలు, కర్రలు, ఒంటి చేతులు. ఇంత మంది ముసలి పట్టాళంవాళ్ళని నేను ఒకచోట ఎప్పుడూ చూడలేదు. బాబాయి పాడె, వాళ్ళ మాటలో జనాజా, లేచింది. మోసేవాళ్ళు నాలుగడుగులకోసారి భుజం మార్చుకుంటున్నారు. మా ఆయన ముందుకు పోయాడు. డెబ్బై దాటిన మనిషి. తమ్ముడి కొడుకు అడ్డమొచ్చి, "మీరొద్దు బావా, మీ కాలు..." అన్నాడు.

"కాలు ఇట్టాంటిదని ఆయనకి తెలుసులే" అని, చేతికర్ర నాకిచ్చి, మా ఆయన భుజం పెట్టాడు.

ఆడవాళ్ళం సందు చివర ఆగిపోయాం. మా ఆయన అడుగేసినప్పుడల్లా జనాజా ఆ మూల కాస్త కిందికి వాలి లేస్తోంది. మిగతా మూలలు మోసేవాళ్ళు మొదట తడబడ్డారు. తర్వాత ఎవరూ చెప్పకుండానే వాళ్ళూ అడుగు తగ్గించారు, వెనక వచ్చేవాళ్ళూ తగ్గించారు. మలుపు తిరిగేదాకా బాబాయిని మా ఆయన నడకతోనే తీసుకెళ్ళారు.